మందు కూడా రాసే సైకాలజిస్ట్: మా చిన్న ఊరి హెల్త్ సెంటర్ గురించి

న్యూ మెక్సికోలో జె-1 వీసా మీద స్కూలు టీచర్లుగా పనిచేస్తున్న తెలుగువాళ్ళ కోసం, వాళ్ళతో పాటు వచ్చిన భర్తలు, భార్యల కోసం ఇది రాస్తున్నాను. ఆల్బకర్కీలోనో శాంటా ఫేలోనో ఉన్నవాళ్ళకి ఇది అంత అవసరం పడకపోవచ్చు. ఐ-10 హైవే పక్కనో ఐ-40 హైవే పక్కనో, ఒక హైస్కూలు, రెండు పెట్రోల్ బంకులు, ఒక పెద్ద కిరాణా షాపు ఉన్న ఊళ్ళలో దిగినవాళ్ళకి మాత్రం పనికొస్తుంది. మాది అలాంటి ఊరే. లాస్ క్రూసెస్ నుంచి పడమరకి గంటన్నర డ్రైవ్. ఇక్కడి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఒక సైకాలజిస్ట్ ఉన్నారు. ఆవిడ కౌన్సెలింగ్ చేస్తారు, అవసరమైతే మందు కూడా ఆవిడే రాస్తారు. మా ఆయన ఏడాదికి పైగా ఆవిడ దగ్గరికి వెళ్తున్నారు. ఇదంతా ఆయన చదివి, రెండు చోట్ల దిద్ది, సరే అన్నాకే బయటపెడుతున్నాను.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గిందో కింద చెప్తాను.

సైకాలజిస్ట్ మందు రాయడమేమిటి, అది సైకియాట్రిస్ట్ పని కదా అంటారా? మన దేశంలో అయితే అంతే. ఎంబీబీఎస్ చేసి ఆపైన సైకియాట్రీ చదివినవాళ్ళు మందు రాస్తారు, సైకాలజీ చదివినవాళ్ళు మాటలతో వైద్యం చేస్తారు. అమెరికాలో కూడా ఎక్కువ రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. న్యూ మెక్సికో 2002లో దీన్ని మార్చింది. అదనంగా శిక్షణ తీసుకున్న సైకాలజిస్టులు మానసిక సమస్యలకి వాడే మందులు రాయొచ్చని ఒక రాష్ట్రం చట్టం చెయ్యడం అదే మొదలు. తర్వాత 2004లో లూసియానా, 2014లో ఇల్లినాయ్, ఆపైన అయోవా, ఐడహో, 2023లో కొలరాడో, 2024లో యూటా అదే దారి పట్టాయి. ఇక్కడే ఎందుకు మొదలైందో ఈ రాష్ట్రంలో ఒకసారి కారేసుకుని తిరిగితే తెలుస్తుంది. విస్తీర్ణం చూస్తే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికంటే పెద్దది. జనం మాత్రం ఇరవై లక్షల పైచిలుకు. స్పెషలిస్టు ఎవరు కావాలన్నా ఆల్బకర్కీ వైపో లాస్ క్రూసెస్ వైపో పోవాలి. ఆత్మహత్యల రేటులో దేశం మొత్తం మీద పైవరసలో ఉండే రాష్ట్రాల్లో ఇదొకటి.

ఇక మా సంగతి. మా ఆయనకి తెనాలిలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉండేది. 2021 మేలో, కోవిడ్ సెకండ్ వేవ్‌లో, మా బావగారు చనిపోయారు. ఆక్సిజన్ బెడ్ కోసం అన్నదమ్ములిద్దరూ ఒకే కారులో గుంటూరు, విజయవాడ తిరిగారు. తిరిగి ఇంటికి వచ్చింది ఈయన ఒక్కరే. ఆ తర్వాత ఈయనకి నిద్ర పట్టడం మానేసింది. అక్కడ ఒక డాక్టర్ నెల రోజులకని క్లోనజెపామ్ అనే నిద్ర బిళ్ళ అర మిల్లీగ్రాము రాశారు. నెల అయ్యాక ఆ చీటీని మళ్ళీ ఎవరూ తిరగేసి చూడలేదు. మందుల షాపులో పాత స్ట్రిప్ చూపిస్తే కొత్తది ఇచ్చేవాళ్ళు. అర మిల్లీగ్రాము కాస్తా ఒకటి అయింది. నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చేనాటికి ఆ బిళ్ళ లేనిదే ఆయన మంచం ఎక్కేవారు కాదు.

జె-2 మీద, అంటే జె-1 వాళ్ళ వెంట కుటుంబంగా, వచ్చినవాళ్ళు వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా పని చెయ్యకూడదు. నేను పొద్దున ఏడింటికి వెళ్తే మళ్ళీ సాయంత్రమే ఇల్లు చేరేది. పాపకి స్కూలు. ఆయన ఒక్కరే ఇంట్లో. కిటికీ తీస్తే ఎడారి, దూరంగా గూడ్స్ రైళ్ళు. ఇక్కడ మధ్యాహ్నమంటే మనవైపు అర్ధరాత్రి, ఫోన్ చేసి మాట్లాడదామన్నా అందరూ నిద్రపోతుంటారు. మాటలు తగ్గిపోయాయి. అన్నం ముందు కూర్చుని కంచం వంక చూస్తూ ఉండేవారు. ఒకసారి అత్తయ్యగారు వీడియో కాల్‌లో "ఏరా, అట్లా అయిపోయావేంట్రా?" అంటే ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఇక తెచ్చుకున్న స్ట్రిప్పులు అయిపోవస్తుంటే ఇంట్లో టెన్షన్ మొదలైంది.

ముందు పెద్ద ఊళ్ళో ఒక సైకియాట్రీ క్లినిక్‌కి ఫోన్ చేశాం. కొత్త పేషెంట్లని నాలుగు నెలల తర్వాతే చూస్తామన్నారు. ఇంకోచోట వీడియో అపాయింట్‌మెంట్ దొరికింది. పదిహేను నిమిషాలు. డాక్టర్ మర్యాదగానే మాట్లాడారు, కానీ చూపు అంతా పక్క స్క్రీన్ మీదే. ఒక కొత్త మందు పేరు చెప్పారు, తర్వాతి తేదీ చెప్పారు. బావగారి ప్రస్తావన వచ్చేలోపే కాల్ అయిపోయింది. ఆ మందు మేం కొనలేదు.

మా హెల్త్ సెంటర్‌లో మమ్మల్ని చూసే నర్స్ ప్రాక్టీషనర్ (డాక్టర్‌లా పరీక్షించి మందులు రాసే నర్సు) అప్పుడు చెప్పారు, "మా దగ్గరే సైకాలజిస్ట్ ఉన్నారు, మందులు కూడా రాస్తారు, మూడు వారాల్లో చూస్తారు" అని. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఇండియావి కూడా, ఒక సంచీలో వేసుకుని రమ్మన్నారు.

ఆ మొదటి అపాయింట్‌మెంట్ గంటన్నర పట్టింది. వెయిటింగ్ హాల్లో పళ్ళ డాక్టర్ కోసం వచ్చినవాళ్ళు, టీకాలకి పిల్లల్ని తెచ్చినవాళ్ళు, అందరం ఒకే కుర్చీల్లో. ఎవరు దేనికోసం వచ్చారో ఎవరికీ తెలీదు. మనవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. "మెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడట" అన్న మాటకి భయపడే మా ఆయన కాలు బయటపెట్టడానికి ఒప్పుకోలేదు ఇన్నాళ్ళూ. ఇక్కడ ఆ బోర్డే లేదు. ఫారాలు ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉన్నాయి. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, చనిపోవాలన్న ఆలోచనలు ఎలా ఉన్నాయో అడిగే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాలి. ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఆయనకి 17 వచ్చింది.

తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో కలిపారు. ఖర్చు క్లినిక్‌దే, మనం కట్టేదేమీ లేదు. అటునుంచి మాట్లాడినామె శుద్ధ గ్రాంథికం మాట్లాడారు. మొదటి పది నిమిషాలకే మా ఆయన "పర్లేదండీ, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంటాను" అన్నారు. అవసరమైన చోట నేను అందించాను. కొంతసేపటికి డాక్టర్‌గారు నన్ను బయట కూర్చోమన్నారు. పీహెచ్‌డీ చేసిన సైకాలజిస్ట్ కాబట్టి మేం ఆవిణ్ణి డాక్టర్‌గారనే పిలుస్తాం. అయితే "నేను ఎండీని కాదు" అని మొదటి రోజే ఆవిడ తానై చెప్పారు. తాను ఏం రాయగలరో, ఏం రాయలేరో చెప్పి, దానికి సంతకం కూడా తీసుకున్నారు.

మందుల సంచీ విప్పడం చూసి తీరాలి. ఒక్కో స్ట్రిప్ బల్ల మీద వరసగా పెట్టి, వెనక రేకు మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివి, కాగితం మీద రాసుకున్నారు. ఆవిడకి మన బ్రాండ్లు తెలీవు, అందుకే లోపలున్న మందు పేరు చూశారు. బీపీ స్ట్రిప్ దగ్గర ఆగారు. టెల్మిసార్టాన్ పక్కన "హెచ్" అన్న అక్షరం ఉంది. ఆ హెచ్ ఏంటని అడిగారు. మాకు తెలీదు. మాకది బీపీ బిళ్ళ, అంతే. అది హైడ్రోక్లోరోథయాజైడ్, ఒంట్లో నీరు లాగే మందు, రక్తంలో సోడియం తగ్గించగలదు. తాను ఇవ్వాలనుకుంటున్న డిప్రెషన్ మందు సెర్ట్రలీన్ కూడా కొందరిలో సోడియం తగ్గిస్తుంది. రెండూ కలిస్తే మత్తు, తూలడం, తలనొప్పి, బాగా తగ్గితే ఇంకా ప్రమాదం. ఇంత వివరంగా చెప్పాక ఆవిడ ఆ బీపీ మందు జోలికి పోలేదు. అది తన పరిధి కాదన్నారు. గోడ అవతలి గదిలో ఉన్న నర్స్ ప్రాక్టీషనర్‌ని పిలిచి మా ముందే మాట్లాడారు. సోడియం, థైరాయిడ్, లివర్ పరీక్షలు రాశారు. వారంలో బీపీ మందు ఆ "హెచ్" లేనిదానికి మారింది, ఆ తర్వాతే సెర్ట్రలీన్ 25 మిల్లీగ్రాములు మొదలైంది. రెండు వారాలకి మళ్ళీ రక్త పరీక్ష.

దీని గురించి ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, సైకాలజిస్టులు మందులు రాయడాన్ని వ్యతిరేకించేవాళ్ళ ముఖ్యమైన వాదన సరిగ్గా ఇదే. ఒంటికున్న మిగతా జబ్బులు, వాటి మందులు వీళ్ళకి తెలీవు, మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళకే తెలుస్తాయి అని. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ రెండూ దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. హవాయిలో 2007లో, ఒరెగాన్‌లో 2010లో, మళ్ళీ 2017లో బిల్లు చట్టసభ దాటినా గవర్నర్లు వీటో చేశారు. ఆ భయం ఉత్తదని నేను అనను. న్యూ మెక్సికో చట్టం అడిగేది డాక్టరేట్ పైన కనీసం 450 గంటల తరగతులు, 80 గంటలు ఒంటి జబ్బుల్ని పరీక్షించి చూసే శిక్షణ, 400 గంటల పాటు కనీసం 100 మంది పేషెంట్లకి వేరొకరి పర్యవేక్షణలో వైద్యం, ఒక జాతీయ పరీక్ష. అవన్నీ అయ్యాక రెండేళ్ళు షరతుల సర్టిఫికెట్ మీద, డాక్టర్ పర్యవేక్షణలోనే మందు రాయాలి. మెడికల్ కాలేజీ, ఆపైన రెసిడెన్సీతో పోలిస్తే ఇది తక్కువే, కాదనను. కానీ ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. పేషెంట్‌ని మామూలుగా చూసే డాక్టర్‌తో కలిసి పనిచెయ్యాలి. మా బీపీ బిళ్ళ విషయంలో నన్ను నమ్మించింది ఆ మాట. తెలిసింది చెయ్యడం, తెలియనిది పక్కగదివాళ్ళని అడగడం, రెండూ మా కళ్ళ ముందే జరిగాయి.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఇదే రాష్ట్రంలో నర్స్ ప్రాక్టీషనర్లు, ఫ్యామిలీ డాక్టర్లు డిప్రెషన్ మందులు రోజూ రాస్తారు. వాళ్ళలో ఎక్కువమందికి మానసిక వైద్యంలో ఉన్న శిక్షణ సైకాలజిస్టులతో పోలిస్తే తక్కువే. అలాంటప్పుడు ఏళ్ళ తరబడి అదే చదివిన మనిషి, అదనంగా మందుల చదువు కూడా చదివాక రాస్తానంటే ఎందుకు కూడదో నాకు అర్థం కాదు. అమెరికా సైన్యం 1991లోనే దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టి 10 మంది సైకాలజిస్టులకి శిక్షణ ఇచ్చింది. వాళ్ళ వైద్యం మీద పెద్దగా ఫిర్యాదులు రాలేదు, అంత ఖర్చు పెట్టాల్సిన అవసరం ఉందా అన్న ప్రశ్న మీదే అది ఆగింది.

ఇక నిద్ర బిళ్ళ. మేం వెళ్ళింది అసలు దానికోసం. కొత్త చీటీ రాసిస్తే చాలని మా ఆయన అనుకున్నారు. ఆవిడ రాశారు కూడా, కానీ తగ్గించడానికి. రాష్ట్రం కంప్యూటర్లో ఆయన పేరు మీద ఇంకెవరైనా ఇలాంటి మందు రాశారేమో ముందు చూశారు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని, బిళ్ళలు అయిపోయాయని ఒక్క రాత్రి కూడా ఎగ్గొట్టొద్దని గట్టిగా చెప్పారు. నోట్లో వేసుకోగానే కరిగిపోయే 0.125 మిల్లీగ్రాముల బిళ్ళలు ఉంటాయట. అవి రాశారు. ఒక మిల్లీగ్రాము నుంచి ఎనిమిది మెట్లు, మూడు నాలుగు వారాలకో మెట్టు దిగడం. మధ్యలో ఒకచోట, మా బావగారి సంవత్సరీకం దగ్గరపడినప్పుడు, మెట్టు దిగకుండా అక్కడే ఆగాం. ఆ తిథి ఎప్పుడొస్తుందో ఆవిడే ముందుగా అడిగి క్యాలెండర్లో రాసుకున్నారు. ఈ ఒక్క పని కోసమే నేను ఆవిడకి ఐదుకి ఐదు ఇస్తాను. వీడియోలో పదిహేను నిమిషాలు చూసే మనిషికి తిథి సంగతి ఎట్లా తెలుస్తుంది? దుఃఖం సంగతి వినేదీ బిళ్ళ లెక్క చూసేదీ ఒకే మనిషి కాబట్టి అది జరిగింది.

బిళ్ళ తగ్గిస్తూ నిద్ర ఎలా తెప్పించారు? ఒక కాగితం ఇచ్చారు. ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపటికి నిద్ర పట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు, రోజూ రాయాలి. రెండు వారాలు చూసి, ఆయన మంచం మీద గడిపేది తొమ్మిది గంటలు, నిజంగా నిద్రపోయేది ఐదున్నర అని తేల్చారు. ఇక రాత్రి పన్నెండున్నర దాకా మంచం ఎక్కకూడదు, పొద్దున ఆరింటికి లేవాల్సిందే, ఆదివారమైనా సరే. పడుకున్న ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి హాల్లోకి రావాలి. పగలు కునుకు లేదు. మంచం మీద ఫోన్ లేదు. మొదటి పది పదిహేను రోజులు ఇంట్లో నరకం అనే చెప్పాలి. చిరాకు, తలనొప్పి, సెర్ట్రలీన్ మొదలైన కొత్తలో కడుపులో తిప్పడం. "ఇదెక్కడి వైద్యమే, నిద్ర రావట్లేదని వెళ్తే నిద్రపోవద్దంటారు" అని నా మీద అరిచారు. నెలన్నర దాటాక పన్నెండున్నరకి పడుకుంటే పన్నెండూ నలభైకల్లా గురక వినిపించడం మొదలైంది. అప్పుడు పావుగంట, పావుగంట చొప్పున పడుకునే సమయం ముందుకి జరిపారు.

ఇప్పుడు క్లోనజెపామ్ లేదు. సెర్ట్రలీన్ 50 మిల్లీగ్రాముల దగ్గర ఉంది, దాన్నీ వచ్చే ఏడాది మొదట్లో నెమ్మదిగా తగ్గించి చూద్దామన్నారు. ఆ తొమ్మిది ప్రశ్నల్లో మొన్న వచ్చింది 5. వర్క్ పర్మిట్ వచ్చాక ఆయన మా స్కూల్ డిస్ట్రిక్ట్ గోడౌన్‌లో చేరారు. వాళ్ళన్నయ్య గురించి ఇప్పుడు మాట్లాడతారు. ఇంతకుముందు ఆ పేరు ఎత్తితేనే గదిలోంచి వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు తగ్గించిన అర సంగతి. ఆవిడ మా ఊళ్ళో వారానికి రెండు రోజులే ఉంటారు, మిగతా రోజులు వేరే ఊరి క్లినిక్‌లో. మొదటి అపాయింట్‌మెంట్ మూడు వారాల్లో దొరికినా, ఆ తర్వాత సాయంత్రం స్లాట్ దొరకడం చాలా కష్టం. టీచర్లకి అసలే సెలవులు తక్కువ. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు బదులు చూసే మనిషి లేరు. రెండోది మందుల షాపు. ఒకసారి టెక్సస్‌లో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి ఫార్మసీలో క్లోనజెపామ్ చీటీ ఇవ్వబోతే, రాసింది సైకాలజిస్ట్ అని చూసి మందు ఇవ్వలేదు. టెక్సస్‌లో సైకాలజిస్టులకి ఆ హక్కు లేదు, అరిజోనాలోనూ లేదు. పక్క రాష్ట్రానికి గంటన్నరలో చేరిపోయే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది నిజమైన ఇబ్బందే. ఆ రాత్రికి సరిపడా బిళ్ళలు బ్యాగులో ఉండబట్టి సరిపోయింది. ఈ జాగ్రత్త మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

అన్ని సమస్యలకీ ఇక్కడికే రావచ్చని కూడా అనుకోవద్దు. లిథియం వాడేవాళ్ళని, ఎవరో మాట్లాడుతున్నట్టు మాటలు వినిపించేవాళ్ళని, కాన్పు అయిన కొత్తలో బాగా దెబ్బతిన్నవాళ్ళని ఆవిడ సైకియాట్రిస్ట్‌కే పంపిస్తారు. మా పక్కింటి స్పానిష్ కుటుంబంలో అబ్బాయిని అలాగే పంపారు, కాకపోతే అక్కడ తేదీ దొరికేదాకా వారం వారం తానే చూశారు. ఇల్లినాయ్‌లో అయితే చట్టమే 17 లోపు పిల్లలకి, 65 దాటినవాళ్ళకి, గర్భిణులకి సైకాలజిస్టులు మందు రాయకూడదంటుంది. ఇక్కడ అంత గీత గియ్యలేదు గానీ, ఆవిడ తనకి తాను కొంత గీసుకున్నట్టే కనిపించింది. నాకది నచ్చింది.

ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే మా తమ్ముడు "మన దగ్గర కూడా ఇట్లా పెడితే బాగుండు కదక్కా" అన్నాడు. నేను చాలా ఆలోచించాను దీని మీద. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కల్లో, సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేని దేశం మనది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 106వ సెక్షన్ ప్రకారం తన చదువు పరిధిలో లేని మందు ఎవరూ సూచించకూడదు, అంటే సైకాలజిస్టులకి ఆ దారి మూసే ఉంది. కానీ ఇక్కడి చట్టాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టినా ఉపయోగం తక్కువే. మన జిల్లాల్లో శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు సైకియాట్రిస్టుల కంటే కూడా తక్కువ. ముందు వాళ్ళు ఉండాలి. మన దగ్గర పీహెచ్‌సీ డాక్టర్లకి ఈ పని నేర్పడమే త్వరగా జరిగే మార్గం, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉద్దేశించింది కూడా అదే. ఆ పక్కనే, మాట్లాడి నిద్ర తెప్పించే మనిషి ఒకరుండాలి. తెనాలిలో మా ఆయనకి కొరవడింది మందు కాదు. నెల తర్వాత ఆ చీటీని మళ్ళీ చూసే మనిషి కొరవడ్డారు. ఇంటి దగ్గర ఎవరికైనా అవసరమైతే ప్రస్తుతానికి 14416కి ఫోన్ చెయ్యమనండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక్కడివాళ్ళకి కొన్ని పనికొచ్చే మాటలు. ఫోన్ చేసినప్పుడు "కౌన్సెలర్ కావాలి" అంటే వేరే మనిషికి ఇస్తారు, మందులు రాసే సైకాలజిస్ట్ కావాలని విడిగా అడగండి. టీచర్ల ఇన్సూరెన్స్ మీద మాకు మామూలు స్పెషలిస్ట్ కో-పే (మనం కట్టాల్సిన వాటా) పడింది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఈ సెంటర్లలో జీతాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు, పే స్టబ్ (జీతం చీటీ) తీసుకెళ్ళండి. ఇండియా మందులు స్ట్రిప్పులతో సహా తీసుకెళ్ళండి, డబ్బాలో పోసుకుని కాదు. అర్ధరాత్రి పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే క్లినిక్ నంబరు కాదు, ఇక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి చెయ్యండి. వసంతంలో దుమ్ము లేస్తే ఐ-10 మూసేస్తారు, ఆ రోజుల్లో వీడియో అపాయింట్‌మెంట్‌గా మార్చమంటే మారుస్తారు. కాంట్రాక్ట్ అయిపోయి వేరే రాష్ట్రానికి మారేవాళ్ళు, ముఖ్యంగా టెక్సస్‌కి వెళ్ళేవాళ్ళు, కనీసం మూడు నెలల ముందే ఆవిడకి చెప్పండి. అక్కడ కొత్త డాక్టర్ దొరికేదాకా సరిపడేలా మందు, రికార్డులు సిద్ధం చేసి ఇస్తారు.